ముప్పై ఒకటి

మార్చిలో ధర్మాబాద్ మిర్చి యార్డు.
తుమ్మకుండా మాట పూర్తి చేసినవాడు లేడు.
బేరం మరాఠీలో, తిట్టు తెలుగులో,
లెక్క మాత్రం నేను రాసిన ప్రోగ్రాములో.

తేమ ఎక్కువైన బస్తా ఎర్రక్షరాల్లో రావాలి.
మారోతి శేట్ అడిగింది అంతే.
ఎరుపుకెంత సేపులే, అనుకున్నాను.
వెనక గదిలోని లినక్స్ పెట్టె నల్ల తెర మీద
మొదటిసారే పండు మిరపలా వెలిగింది.

కాంటా పక్కనున్న పాత విండోస్‌లో వెలగలేదు.
ఎడమకు తిరిగిన బాణం, మూయని బ్రాకెట్,
ముప్పై ఒకటి, దాని తోకకి ఒక ఎమ్.
రంగు రాలేదు,
రంగుని పిలిచిన కేక వచ్చింది.
ఎక్కడా కంటబడని ఎస్కేప్ అక్షరం
ఇక్కడ బాణం ముసుగుతో దొరికిపోయింది.

నేను చూసి ఆపేలోపు ప్రింటరు గర్రుమంది.
బాణాన్ని మింగేసి మిగతాది చీటీ మీద కొట్టింది.
కుండల్‌వాడి నుంచి బండి తోలుకొచ్చిన సాయవ్వ
చీటీని ఎండకు పట్టి చూసింది.
"ముప్పై ఒక్క కిలో ఎందుకు కోసిండ్రు సేటూ?"
కోయలేదమ్మా, అది ఎరుపు, అన్నాను.
నన్ను పైనుంచి కిందికి చూసింది.
ఎరుపు ఆమె బస్తాలో ఉంది.
చీటీ మీద ఉన్నది అంకె.

రెండు రాత్రులు లాడ్జి గదిలో ఆ అంకెతోనే కాపురం.
రంగు వేసే ముందు అడగాలని నేర్చుకున్నాను:
వింటున్నది తెరా, కాగితమా?
కాగితమైతే నోరు మూసుకోవాలి.
పాత విండోస్‌ని బాణాలతో కాదు,
దాని ఇంటి భాషలో పలకరించాలి.
శేట్ కొడుకు మ్యాక్‌లో తెర తెల్లన,
అక్కడ నా పసుపు హెచ్చరిక
సున్నపు గోడ మీద నిమ్మరసంతో రాసినట్టుంది.
ఒకచోట చివరి సున్నా మరిచాను,
బస్తాతో పాటు తేదీ, శేట్ పేరు,
కింద మెరిసే గీత కూడా ఎర్రబారాయి.
మొదలుపెట్టడమే తెలిసిన రంగుకి
ఆగడం మనమే చెప్పాలి.

మూడో పొద్దున మూడు తెరల మీదా ఒకే ఎరుపు.
శేట్ నాకు చెరుకు రసం తెప్పించాడు.

మధ్యాహ్నం హమాలీలు తిండికి పోయాక
హన్మాండ్లు కాక వచ్చాడు,
ఇరవయ్యారేళ్లుగా కాంటా ఆయనదే.
"బిడ్డా, గా ముప్పై ఒకటి యాడ వోయింది?"
తీసేసిన కాకా, రంగొచ్చింది గదా.
ఆయన తెర వైపు చూశాడు.
చాలాసేపు చూశాడు.
తర్వాత బస్తాలో చెయ్యి పెట్టి
రెండు కాయలు నా అరచేతిలో ఉంచాడు,
ఒకటి పండుది, ఒకటి పచ్చిది.
"నాకు రెండూ ఒక్కటే. పుట్టినకాడికెల్లి."

గింజల గలగల విని, తొడిమ విరిచి, వాసన పట్టి
ఇన్నేళ్లూ వేలంపాటలో ఒక్క తప్పు పోలేదట.
"మొన్నా నిన్నా రెండు దినాలు
ఎరుపు నాకు కండ్లకు గొట్టినట్టు కనబడ్డది.
శేటుకు చెప్పకు."

తేమ అని మాట రాస్తానన్నాను.
వద్దన్నాడు, చదువు రాదు, అంకెలే వచ్చు.
అందుకే ఇప్పుడు తడి బస్తా వరస చివర
రంగు లేని బక్క ముప్పై ఒకటి,
తెర మీద మాత్రమే, చీటీ మీద కాదు.
ఆరిన వాటికి, అడగకపోయినా,
ముప్పై రెండు పెట్టి ఆయన చెవిలో వేశాను.

వారం తర్వాత శేట్ కళ్లజోడు పైకి తోసి
ఇదేంది, అన్నాడు.
వెర్షన్ నంబరు, అన్నాను.
ఆ రోజు వచ్చినవన్నీ తడి బస్తాలే.
"మరి ముప్పై రెండు ఎప్పుడొస్తది?"

కాంటా మీంచి తల తిప్పకుండానే
హన్మాండ్లు కాక అన్నాడు:
"ఎండితే వస్తది సేటూ."